రెండువైపులా సింహాలున్న పావలా

పోయిన శనివారం మా తమ్ముడి కూతురు బేగంపేటలో ఆఫీసు అయ్యాక నేరుగా సైనిక్‌పురిలో మా ఇంటికి వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే సంచిలోంచి ఒక చిన్న పర్సు తీసి భోజనాల బల్ల మీద బోర్లించింది. అన్నీ నాణేలే.

"అత్తా, నీకు వీటి గురించి తెలుసంట కదా. నాన్న చెప్పిండు. జెర చూడు."

ఫోనులో ఒక వీడియో కూడా చూపించింది. అందులో ఎవరో కుర్రాడు రెండు రూపాయల బిళ్ళ పట్టుకుని, వెనక అచ్చు ఇలా వంకరగా ఉంటే లక్షలు వస్తాయని చెబుతున్నాడు. ఈ పిల్ల దగ్గర అలాంటిదే ఒకటి ఉంది. ఫోటో పంపితే కొంటామన్నారట. కాకపోతే ముందు రిజిస్ట్రేషన్ కింద కొంత పంపాలట.

"ముందు డబ్బు అడిగేవాడు కొనేవాడు కాదమ్మా. కొనేవాడు ముందు నాణెం అడుగుతాడు" అన్నాను.

కళ్ళజోడు మార్చుకుని బిళ్ళని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. బొమ్మని నిలువుగా పట్టుకుని, పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పాను. వెనకవైపు అంకె కొద్దిగా ఒరిగి ఉంది. టంకశాలలో అచ్చు సడలితే అలా అవుతుంది. పూర్తిగా తలకిందులై ఉంటే సరదా ఉన్నవాడెవడైనా కొంచెం ఎక్కువిచ్చి కొంటాడు. ఈ మాత్రం వంపుకి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ మాటే చెప్పాను.

"నువ్వు ఎవ్వర్నీ నమ్మవా అత్తా?" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకప్పుడు ఒక మనిషిని అడగాల్సింది. ఎవరూ అడగలేదు.

ఆ మనిషి మా పెదనాన్న. నాన్నకి అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. సికింద్రాబాదు స్టేషన్లో టికెట్లిచ్చే కిటికీ వెనక కూర్చునేవాడు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం మొదట వచ్చింది ఆయనే. తర్వాత నాన్ననీ నాయనమ్మనీ తెచ్చుకున్నాడు. స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, పెంకుటింట్లో, అందరం కలిసి ఉండేవాళ్ళం. గాలి ఇటు తిరిగితే బొగ్గు పొగ వాసన వచ్చేది. ఆరేసిన తెల్ల బట్టల మీద నల్లటి నలుసులు పడేవి.

పెదనాన్న దేన్నీ నమ్మేవాడు కాదు. పాలు రాగానే వేలు ముంచి గోరు మీద బొట్టు నిలబెట్టి చూసేవాడు. ఉత్తరం వస్తే చింపేముందు జిగురు మళ్ళీ అంటించారేమోనని వెలుతురుకి ఎత్తి పట్టేవాడు. ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అంటే, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేలోపే బైబిలు తెరిచి అది అక్కడ ఉందో లేదో చూసుకునేవాడు. ఒకసారి నిజంగానే లేదు. ఆ వారమంతా ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా తప్పుడు అచ్చు నాణేలు. రోజంతా చేతిలో చిల్లర ఆడేది కదా. ఏదైనా వింతగా కనిపిస్తే తన జేబులోది అక్కడ వేసి అది తెచ్చుకునేవాడు. పాత బిస్కెట్ల డబ్బాలో ముఖమల్ గుడ్డ పరిచి దాచేవాడు. డబ్బా మూత తీస్తే కర్పూరం వాసన, దాని వెనక చేతి చెమటలో నానిన రాగి వాసన వచ్చేవి. నాకు ఇప్పటికీ రాగి చెంబు ముట్టుకుంటే ఆ వరండా గుర్తొస్తుంది.

పొద్దు వాలకముందే, ఎండ ఏటవాలుగా పడే వేళ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయనకి పిల్లలు లేరు. నాకు పాఠాలంటే ఇష్టం లేదు గానీ భూతద్దమంటే ఇష్టం.

"ఇది తప్పా, దెబ్బా? చెప్పవే" అనేవాడు.

టంకశాల గేటు లోపల జరిగితే తప్పు. గేటు బయట జరిగితే దెబ్బ. తప్పుకి ధర ఉంది, దెబ్బకి లేదు. ఆయన చదువంతా ఇదే. కొరికిన బిస్కెట్టులా అంచు పోయిన పైసా ఒకటి ఉండేది. ఎవడో కత్తిరించాడేమో ఎలా తెలుస్తుంది? కొరికిన చోటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పలచబడి ఉంటే అది యంత్రం పని. అక్కడ అంచు పొంకంగా ఉంటే మనిషి పని. కత్తిరించేవాడికి ఇటువైపు గుర్తుంటుంది, అటువైపు గుర్తుండదు అనేవాడు.

ధర కట్టడం ఇంకా కష్టం. తప్పు పెద్దదయితే చాలదు. బొమ్మ సగం పక్కకి జరిగినా సంవత్సరం కనబడాలి. చేతులు మారి అరిగి ఉండకూడదు. ముఖ్యంగా ఎవరూ తోమి ఉండకూడదు. ఈ ఆఖరిది నాకు తెలియని రోజుల్లో, ఆయన సంతోషిస్తాడని ఒక కాణీని చింతపండు పెట్టి తోమి తళతళలాడించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "దాని ఒంటి మీద ఉన్న మట్టే దాని సాక్ష్యమే. నువ్వు సాక్షిని చంపేశావు" అన్నాడు.

ఆ రోజుల్లోనే మా మామయ్య కూడా మా ఇంట్లో ఉండేవాడు. అమ్మకి తమ్ముడు. అమ్మావాళ్ళది ఇక్కడే. తాతయ్య పోయాక ఇల్లు లేక మా దగ్గరికి వచ్చాడు. రాణీగంజ్‌లో ఇనప సామాన్లు చేసే ఒక లేత్ షాపులో పని. ముందు గదిలో మడత మంచం, దాని కింద ఒక ట్రంకు పెట్టె. అదే ఆయన ఆస్తి. సాయంత్రం వస్తే చేతులు సబ్బుతో ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత ఉండేది. ఇరానీ హోటల్ నుంచి ఉల్లిపాయ సమోసాలు పొట్లం కట్టించుకొచ్చేవాడు. నాకు ఇత్తడి బొంగరం లేత్ మీద చేసి ఇచ్చాడు. అది తిరుగుతుంటే తిరుగుతున్నట్టే తెలిసేది కాదు.

క్రిస్మస్‌కి నెల రోజులుందనగా ఒక సాయంత్రం పెదనాన్న పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. చొక్కా కూడా విప్పలేదు. అందరినీ వరండాలోకి పిలిచాడు. పండుగ పిండివంటకి, గులాబీ పూలకి పిండి కలుపుతున్న నాయనమ్మ పిండి చేతులతోనే వచ్చింది.

ఆయన అరచేతిలో ఒక పావలా. ఒకవైపు మామూలుగానే మూడు సింహాల తలలు పైకి లేచి ఉన్నాయి. తిప్పితే అంకె ఉండాల్సిన చోట మళ్ళీ అవే సింహాలు. కాకపోతే అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా, మైనంలో నొక్కినట్టు గుంటలు పడి ఉన్నాయి.

"అచ్చు వేశాక ఒక బిళ్ళ యంత్రానికే అతుక్కుపోతుంది. తర్వాతి బిళ్ళ వచ్చి దాని కింద పడుతుంది. అప్పుడు దాని వీపు మీద అంకె పడదు. ముందు బిళ్ళ మీదున్న సింహమే తిరగబడి దిగుతుంది. ఇలాంటిది దొరకాలంటే పెట్టి పుట్టాలి" అన్నాడు. చెబుతూనే నాయనమ్మకోసారి, నాన్నకోసారి తిప్పి చూపించాడు.

అందరం చేతుల్లోకి తీసుకుని చూశాం. గుంట సింహాల పక్కన సన్నటి వంకర గీత ఒకటి ఉంది. అదేమిటని నేనే అడిగాను.

"బిళ్ళ మీద ముందే ఉన్న గీతలే. పెద్ద పట్టించుకోవాల్సింది కాదు."

మామయ్య చేతికి వచ్చినప్పుడు ఆయన మూడుసార్లు తిప్పి చూశాడు. బొటనవేలి గోరుతో అంచంతా తడిమాడు. తర్వాత నాణెం వదిలేసి పెదనాన్న ముఖం చూశాడు.

"మంచిగుంది బావా" అని ఇచ్చేశాడు. అంతే. మామూలుగా ఆయన అంత తక్కువ మాట్లాడడు.

మర్నాడు పొద్దున పెదనాన్న స్నానానికి వెళ్ళినప్పుడు నేనొక తుంటరి పని చేశాను. డబ్బాలోంచి ఆ పావలా తీసి, నా సైన్సు నోట్సు ఆఖరి పేజీ కింద పెట్టి, పెన్సిలు పడుకోబెట్టి రుద్దాను. రెండువైపులా. కాగితం మీద సింహాలు నల్లగా తేలాయి. నీళ్ళ చప్పుడు ఆగగానే నాణెం మళ్ళీ ముఖమల్ మీద పెట్టేశాను.

రెండు వారాల తర్వాత నాణేల సరదా ఉన్నవాళ్ళంతా కలిసి ఒక హాలులో ప్రదర్శన పెట్టారు. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంట తీసుకెళ్ళాడు. అద్దాల పెట్టెలో పెట్టేముందు ప్రతి నాణేన్నీ జనరల్ బజారులో పాత నాణేల కొట్టున్న ఒక పెద్దాయన పరీక్షించేవాడు. ఆయన మా పావలాని అద్దం కింద పెట్టి చూసి, అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. ఇది టంకశాలల అయింది కాదు. రెండు పావలాలు కలిపి వైసుల పెట్టి నొక్కిండ్రు."

వైసంటే ఇనప దవడలతో బిగించే పనిముట్టు. లేత్ షాపుల్లో ఉంటుంది.

"కాదు" అన్నాడు పెదనాన్న.

"గీ దిక్కు అంకె పడకుండ సింహం పడిందంటున్నరు గదా. మరి గీ వంకర గీత ఏంది? అయిదు అంకెకు తోక ఇది. అంకె పడ్డంకనే సింహాన్ని నొక్కిండ్రు. తోక మిగిలింది."

చుట్టూ నలుగురైదుగురు వంగి చూశారు. ఎవరో చిన్నగా దగ్గారు. పెదనాన్న నాణేన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఇది నాది కాదు. నా నాణెం ఎవరో మార్చేశారు" అన్నాడు. దారి పొడవునా నా చెయ్యి పట్టుకోలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం ఎవరి పేరూ ఎవరూ పైకి అనలేదు. నూనె మూకుడులో గులాబీ పూలు వేగుతున్న వాసన ఇల్లంతా నిండి ఉంది. నాయనమ్మ ఇనప పువ్వుని నూనెలో ముంచుతూ, పొయ్యివైపే చూస్తూ, "వాడి కొట్లో ఉంటుంది కదా ఆ వైసేదో" అంది. నాన్న "ఊరుకోమ్మా" అన్నాడు గానీ ఆ మాటలో బలం లేదు. అమ్మ వేగిన పూలని బుట్టలోకి సర్దుతూ ఉండిపోయింది. తలుపు వెనక నిలబడి నేను లెక్క కట్టుకున్నాను. ఆ రోజు మామయ్య అంతసేపు ఎందుకు చూశాడు? అంత తక్కువ ఎందుకు మాట్లాడాడు?

రాత్రి అన్నాల దగ్గర పెదనాన్న అడిగాడు.

"ఏవోయ్, మీ షాపులో వైసులు ఎంత గట్టివి ఉంటాయి?"

మామయ్య ముద్ద ఆపాడు.

"నన్ను అడుగుతున్నరా బావా, వైసు గురించి అడుగుతున్నరా?"

"వైసు గురించే."

"గట్టియే ఉంటయ్" అని కంచంలో చెయ్యి కడిగేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి, తలకి నూనె రాస్తూ మెల్లగా చెప్పింది. "వాడి పెట్టె ఒకసారి చూడవే. నువ్వయితే చిన్నపిల్లవి. చూసినా ఆడుకుంటున్నావనుకుంటాడు."

నేను చూశాను. ఇష్టం లేక కాదు, ఇష్టంగానే చూశాను. నాకు నేనే పెద్ద పరీక్షకుడిలా అనిపించాను. మడత పెట్టిన రెండు చొక్కాలు, తాతయ్య ఫోటో, అమ్మ పెళ్ళికి ముందు రాసిన ఉత్తరాలు. అడుగున కాగితం పొట్లంలో గుండ్రంగా ఏదో తగిలింది. విప్పితే ఇనప వాషర్లు, నా బొంగరానికి సరిపోయే కొత్త ముల్లు.

తలెత్తితే గుమ్మంలో మామయ్య. ఆ రోజు షాపుకి సగం పూటే వెళ్ళాడట.

ఆయన లోపలికి వచ్చాడు. నా చేతిలోంచి పొట్లం తీసుకుని పెట్టెలో పెట్టాడు. ఉత్తరాలు సర్దాడు. మూత వేశాడు. వంటింట్లోకి వెళ్ళి "అక్కా, పోతున్న" అన్నాడు. అమ్మ "ఎక్కడికిరా" అంది, ఉండమని అనలేదు. పెట్టె భుజం మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. మల్కాజ్‌గిరిలో తోటి పనివాడి గదిలో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. మామయ్య వెళ్ళిపోవడమే రుజువు అన్నట్టు మాట్లాడింది నాయనమ్మ. పావలా ఒక్కటే కాక, ఇంకా ఏమేం పోయాయోనని వెండి గ్లాసులు కూడా చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

ఆ తర్వాత వారం బళ్ళో సైన్సు నోట్సు తెరిచినప్పుడు ఆఖరి పేజీ కనబడింది. పెన్సిలు సింహాల మీదే మా టీచరు ఎర్ర సిరాతో "నోట్సు పాడుచేయకు" అని రాసి తారీఖు వేసింది. ఆ అక్షరాల పక్కన, గుంట సింహాల అంచున, సన్నటి వంకర గీత. అయిదు తోక. పెదనాన్న పావలా తెచ్చిన మర్నాడు నేను రుద్దిన కాగితంలో అది ఉంది.

సాయంత్రం డబ్బా తీసి పక్కపక్కన పెట్టి చూశాను. అంచు మీదున్న చిన్న నొక్కు కూడా సరిపోయింది. నాణెం ఎవరూ మార్చలేదు. వచ్చిందే దొంగది.

నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. మూడు రోజులు ఆ నోట్సు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నాలుగో రోజు వరండాలో పెదనాన్న ఒడిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. కాగితాన్ని, నాణేన్ని, మళ్ళీ కాగితాన్ని.

"ఇది ఎప్పుడు రుద్దావు?"

"నువ్వు తెచ్చిన మర్నాడు పొద్దున. నువ్వు స్నానం చేస్తుంటే."

"మీ అమ్మ చెప్పమందా నిన్ను?"

"లేదు."

"నిన్ననో మొన్ననో రుద్దలేదు కదా?"

టీచరు వేసిన తారీఖు చూపించాను, అది పావలా వచ్చిన వారంలోదే. ఆయన భూతద్దం ఆ ఎర్ర సిరా మీద పెట్టాడు. సిరా కింద పెన్సిలు ఉందా, పెన్సిలు కింద సిరా ఉందా అని చూస్తున్నాడని నాకు అర్థమైంది. నేను నేర్చుకున్నదీ అదే కదా. చివరికి భూతద్దం కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మొదటి సాయంత్రం ఆ గీత గురించి అడిగింది నేను. పట్టించుకోవద్దని చెప్పింది ఆయన. పాలని, పాస్టరుని, పోస్టుని అనుమానించిన మనిషి తన సంతోషాన్ని మాత్రం అనుమానించలేదు.

క్రిస్మస్ ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు సంస్కారానికి అందరూ వరసగా లేచి వెళ్ళారు. పెదనాన్న లేవలేదు. నాయనమ్మ మోచేత్తో పొడిచింది. "నేను రాను. నాకు అవతల ఒకడితో సమాధానం కాలేదు, రాజీ పడకుండా ఇది తీసుకోకూడదు" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. ఏం చేశాడో అని వాళ్ళ అనుమానం వాళ్ళది.

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని లోకల్ రైలెక్కి మల్కాజ్‌గిరి వెళ్ళాడు. ఒక సందులో రేకుల గది. మామయ్య మమ్మల్ని చూసి ముందు బిత్తరపోయి, తర్వాత మంచం మీద దుప్పటి దులిపాడు. రెండు గ్లాసుల్లో చాయ్ పోసి ఇచ్చాడు. మూడో గ్లాసు లేదు కాబట్టి తను తాగలేదు.

పెదనాన్న గ్లాసు ముట్టుకోలేదు.

"ఆ నాణెం ఎవరూ మార్చలేదోయ్. నేను తెచ్చిందే దొంగది. నిన్ను అనుమానించాను. తప్పు నాది."

"నాకు తెల్సు బావా."

"ఏం తెలుసు?"

"అది దొంగదని మొదటి దినమే తెల్సు. వైసుల నొక్కిన సరుకు రోజూ చూస్త. వెనక తోలుముక్క పెట్టి నొక్కిండ్రు. అందుకే ముందట సింహాలు చెదర్లే."

పెదనాన్న తలెత్తాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు గంత సంబురంగ ఉంటిరి. ఇంటోళ్ళందర్ని పిల్చి చూపిస్తుంటిరి. మిమ్మల్ని గట్ల ఎన్నడు చూడలే. రెండు దినాలు పోయినంక మెల్లగ చెప్దమనుకున్న. రెండు దినాలు పోయినంక మీరు ఇంక సంబురంగ ఉంటిరి."

"పోనీ, తర్వాతైనా చెప్పొచ్చు కదా. నిన్ను అన్నప్పుడు."

"గప్పుడు చెప్తె ఏమందురు? నీకెట్ల తెల్సు, నువ్వు చేసినవు కాబట్టే తెల్సు అందురు. అనకపోదురా?"

పెదనాన్నకీ తెలుసు. అనేవాడే. చాయ్ చల్లారాక ఒక్క గుక్కలో తాగాడు. ఇంటికి వచ్చెయ్యమని అడిగాడు.

"పండుగలకు వస్త బావా" అన్నాడు మామయ్య.

అన్నట్టే వచ్చేవాడు. ఈస్టరుకి, క్రిస్మస్‌కి, మా తమ్ముడి పెళ్ళికి. తినేవాడు, నవ్వించేవాడు. చీకటి పడకముందే రైలెక్కి వెళ్ళిపోయేవాడు. మా ఇంట్లో మళ్ళీ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పెదనాన్న నాణేలు చూడటం మానలేదు గానీ నన్ను పరీక్షలు పెట్టడం మానేశాడు. ఆ పెంకుటిల్లూ లేదు, ఆ బొగ్గు రైళ్ళూ లేవు, పావలాలూ చెల్లవు. పిల్లలకి పావలా అంటే ఏమిటో చెప్పాల్సి వస్తోంది.

పెదనాన్న పోయినప్పుడు నా వయసు నలభై దాటింది. సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక మామయ్యా నేనూ ఇంటి బయట అరుగు మీద కూర్చున్నాం. ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎందుకో అడిగాను.

"మామయ్యా, పెదనాన్న మీద నీకు కోపం పోయిందా?"

"ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది బిడ్డా. గంత పెద్దమనిషి నా రేకుల రూముకొచ్చి, నా ముంగట కూసుని, తప్పు నాది అన్నడు. మీ ఇంట్ల ఇంకెవరన్న అన్నరా?"

నిష్ఠూరంగా అనలేదు. వానలు పడ్డాయా అని అడిగినట్టు అడిగాడు. నాయనమ్మ అప్పటికే లేదు. అమ్మ లోపల పడుకుని ఉంది. ఆ రోజు రేకుల గదిలో పెదనాన్న పక్కనే కూర్చుని చాయ్ తాగింది నేను. అప్పుడంటే చిన్నపిల్లని. తర్వాత అన్ని పండుగలకి వచ్చాడు కదా, అప్పుడు చిన్నపిల్లని కాదు.

ఆయన బస్సుకి టైమయిందని లేచి చెప్పులు వేసుకుంటుంటే చెయ్యి పట్టుకున్నాను. చెప్పాను. నాయనమ్మ పెట్టె చూడమంది గానీ, నేను కూడా నువ్వే తీశావని నమ్మానని చెప్పాను. క్షమించమన్నాను.

మామయ్య నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. నేను నిజంగా అంటున్నానా, చావింటి దుఃఖంలో అంటున్నానా అని వెతుకుతున్నట్టు చూశాడు. ఆయన మా ఇంటికి వచ్చిన కొత్తలో ఎవరినీ అలా చూసేవాడు కాదు. తర్వాత తల ఊపి, నా చెయ్యి మెల్లగా విడిపించుకుని, బస్సు స్టాపు వైపు నడిచాడు.

నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.